గురవయ్య గారి మెమరీ

ఆ శుక్రవారం ఉదయం గురవయ్య వేసుకున్న పథకంలో కష్టమేమీ లేదు. భార్య రమణి కూరగాయలకు వెళ్ళి వచ్చేలోగా ఇంట్లోని కంప్యూటర్ వేగం పెంచి ఆమెను ఆశ్చర్యపరచాలి. అంతే.

రమణి కాకినాడలో ఇళ్ళకు లోపలి అలంకరణ డిజైన్లు చేసిన మనిషి. పెళ్ళయి ఒమన్ వచ్చాక ఆరేళ్ళు ఆ పనికి దూరమైంది. పోయిన నెలే తాముంటున్న సీబ్ పట్టణంలో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో చేరింది. ఆమెకు అప్పగించిన మొదటి పని ఒమన్ ఆవిడ హలీమా గారి ఇంట్లో మజ్లిస్, అంటే అతిథులు కూర్చునే పెద్ద గది. అది నచ్చితే ఉద్యోగం ఖాయం. హలీమా గారిది పక్క వీధే కాబట్టి ఆ రోజు పదిన్నరకు రమణి ఇంటికే వచ్చి చూస్తానన్నారు.

గది నిజంగా కట్టేసినట్టు కనిపించే బొమ్మ తయారు చేయడానికి ఆ కంప్యూటర్‌కు నలభై నిమిషాలు పడుతుంది. కూరగాయలు తెచ్చాక చేసుకుందామనుకున్న రమణికి అది ఇబ్బందిగా లేదు. గురవయ్యకే నామోషీగా ఉంది. అతను ఒక నిర్మాణ కంపెనీలో ఏ గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో తేల్చే ఉద్యోగి. కంప్యూటర్ మెమరీని తయారీదారు పెట్టిన వేగం కన్నా ఎక్కువ పరుగెత్తించవచ్చని రెండు వీడియోలు చూసి తెలుసుకున్నాడు. చవక మెమరీతో ఈ పని చేయవద్దని మూడో వీడియోలో చెప్పారు. అది అతను చూడలేదు.

ఎనిమిదిన్నరకు సెట్టింగులు తెరిచి, 2666 అని ఉన్నచోట 3600 అని పెట్టి, దేవుణ్ణి తలుచుకుని మీట నొక్కాడు. కంప్యూటర్ ఆగిపోయింది. మళ్ళీ వేస్తే ఫ్యాన్ తిరిగింది గానీ తెర నల్లగానే ఉంది. రెండు మెమరీ ముక్కల్లో ఒకటి తీసి చూశాడు. రెండోది తీసి చూశాడు. చివరకు బల్ల వెనక నేలమీద చతికిలబడి, ఆ ముక్కలు అమ్మిన ఖమరుద్దీన్‌కు ఫోన్ చేశాడు.

"మెమరీ పోయింది భాయ్. పొద్దున్నే పోయింది. ఏదీ గుర్తుపట్టడం లేదు."

"పరేషాన్ కావద్దు సార్. జుమ్మా నమాజుకు ముందే వచ్చి చూస్తా" అన్నాడు కర్నూలు ఖమరుద్దీన్.

సరిగ్గా అప్పుడే పెరుగు తోడు కోసం వచ్చిన పై అంతస్తు మంగళ గారు తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగిపోయారు. ఆవిడకు బల్ల వెనక గురవయ్య తలా, చెమట పట్టిన నుదురూ కనిపించాయి. కంప్యూటర్ కనిపించలేదు.

"మెమరీ పోయిందా బాబూ?"

"పోయింది పిన్నిగారూ. చేజేతులా పోగొట్టుకున్నాను."

"అయ్యో! ఎలాగ?"

"వేగం పెంచుదామనుకున్నాను. తట్టుకోలేకపోయింది."

"లోపల ఇంకేం దెబ్బ తినలేదు కదా?"

"తెరిచి చూస్తేగానీ చెప్పలేమండీ."

మంగళ గారు గోడ పట్టుకున్నారు. "రమణికి తెలుసా?"

"చెప్పకండి, మీకు పుణ్యముంటుంది. తను వచ్చేలోపు రాకపోతే కొత్తది వేయించేస్తాను."

మంగళ గారు నిజంగానే రమణికి చెప్పలేదు. పైకి వెళ్ళి, సీబ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, గురవయ్యకు జ్ఞాపకశక్తి పోయింది, ఏదీ గుర్తుపట్టడం లేదు అని ఒకే ఒక్క సందేశం పెట్టారు. ఆ గ్రూపులో నూట అరవై మంది ఉన్నారు. రమణి కూడా ఉంది.

తొమ్మిదింపావుకు మొదటి జట్టు దిగింది. ముందు నిలబడ్డవాడు గురవయ్య ఆఫీసులోనే పనిచేసే నిజామాబాద్ జితేందర్.

"అన్నా, నన్ను గుర్తువట్టినవా? నా పేరేందో చెప్పు!"

గురవయ్య చేతిలో స్క్రూడ్రైవర్, పళ్ళ మధ్య రెండు మరలు. తల అడ్డంగా ఊపాడు, ఇప్పుడు విసిగించకు అన్నట్టు.

"నన్నే గుర్తువడ్తలేడు!" జితేందర్ తల పట్టుకున్నాడు. "మొన్ననే ఇద్దరం ఇబ్రా సైటుకు వొయ్యొస్తిమి గదనే!"

తొమ్మిదిన్నరకల్లా హాల్లో పదకొండు మంది చేరారు. ఒకరు యాపిల్ పళ్ళు తెచ్చారు, ఒకరు బాదం పప్పు నానబెట్టి తెచ్చారు. గురవయ్య మరలు తీసి నోరు తెరిచి "పోయింది నాది కాదు, కంప్యూటర్‌ది" అన్నాడు. అందరూ జాలిగా తలలూపారు. ఎవరో "పాపం, తానే కంప్యూటర్ అనుకుంటున్నాడు" అని గుసగుసలాడారు.

రమణి సగం నిండిన ట్రాలీని సూపర్‌మార్కెట్‌లోనే వదిలేసి వచ్చింది. టాక్సీలోంచే హలీమా గారికి, మా ఆయనకు బాగాలేదు, ఈ రోజు వీలుపడదు, క్షమించండి అని రాసింది. గుమ్మంలో అడుగుపెట్టి భర్త ముఖంలోకి చూసింది.

"ఏవండీ, నేనెవరు?"

"రమణివి" అన్నాడు గురవయ్య నీరసంగా. "కంప్యూటర్ పాడుచేశాను."

రమణి కళ్ళల్లో ముందు నీళ్ళు తిరిగాయి, తరవాత నిప్పులు కురిశాయి. "ఆరేళ్ళకి ఒక్క అవకాశం వచ్చిందండీ! ఒక్క పూట దాని జోలికి వెళ్ళకుండా ఉండలేకపోయారా?"  ఆమెకు సాయపడాలనే చేశానని చెప్పడానికి కూడా గురవయ్యకు సిగ్గేసింది.

అప్పుడే గుమ్మంలో హలీమా గారు ప్రత్యక్షమయ్యారు. వీలుపడదన్న కబురు ఆవిడను ఆపలేదు. ఇంట్లో మనిషికి బాగాలేదంటే చూడకుండా ఎలా ఉంటానని, కాఫీ ఫ్లాస్కూ ఖర్జూరాలూ పట్టుకుని వచ్చేశారు. రమణి తల దించుకుని ఉన్నదున్నట్టు హిందీలో చెప్పింది. హలీమా గారు కాసేపు గురవయ్యను చూసి, తలమీది ముసుగు కొంగుతో నోరు మూసుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వారు. తరవాత గోడవారన జనం మధ్య కూర్చుని, "సరే, కాగితం మీద చూపించు" అన్నారు.

రమణి ఒక పాత క్యాలెండర్ కాగితం తిరగేసింది. మొదటి గీత వంకర పోయింది. నాలుగు గీతలు పడేసరికి చెయ్యి కుదిరింది. గది కొలత తెలియడానికి వచ్చినవాళ్ళనే మూడు గోడల వెంట నేలమీద దిండ్లు వేసి కూర్చోబెట్టింది. ఆ దిండ్ల మధ్యనుంచి లేవడానికి మంగళ గారు అవస్థపడుతుంటే హలీమా గారు చూశారు. "మా అమ్మ మోకాళ్ళూ అంతే" అన్నారు. రమణి వెంటనే ఒక వైపు ఎత్తు అరుగు గీసింది. కాఫీ పట్టుకుని తిరుగుతున్న జితేందర్ అందరి కాళ్ళూ తొక్కుతుంటే దారి కోసం కాగితం మీద ఒక మూల ఖాళీగా వదిలింది. రమణీ హలీమా గారూ గంటసేపు కాగితం మీద వంగి, చెరిపి, గీసి, వాదించుకున్నారు.

ఖమరుద్దీన్ వచ్చి, లోపలున్న నాణెమంత బ్యాటరీ తీసి, ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టాడు. సెట్టింగులన్నీ పాత స్థితికి వచ్చాయి, తెర వెలిగింది. "మెమరీ బాగానే ఉంది సార్. దాన్ని దాని నడక నడవనీయండి" అని చెప్పి నమాజుకు వెళ్ళిపోయాడు.

నలభై నిమిషాల తరవాత బొమ్మ తయారైంది. నిగనిగలాడే ఆ గదిని హలీమా గారు ఓపిగ్గా చూశారు.

"చాలా బాగుంది. కానీ ఇది మా ఇల్లు కాదు" అన్నారు. క్యాలెండర్ కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకున్నారు. "మా ఇల్లు ఇది. వచ్చే వారం పని మొదలుపెట్టు. మీ ఆఫీసుకు నేను చెబుతాను."

ఆవిడ వెళ్ళాక రమణి హాల్లో దిండ్లు సర్దింది. తరవాత ఒక ఖర్జూరం తీసి గురవయ్య చేతిలో పెట్టింది. అతనికి అది చాలు.

ఒమన్‌లో పనివారం మొదలయ్యే ఆదివారం గురవయ్య డ్యూటీకి వెళ్ళేసరికి అతని బల్లమీద అతని పేరూ, హోదా, బాత్‌రూమ్ ఏ వైపు ఉందో పెద్ద అక్షరాలతో రాసి అతికించి ఉన్నాయి.