సొంత మెయిల్ సర్వర్ సుఖాలు

మనశ్శాంతి కావాలా? ధ్యానాలూ మాత్రలూ మానెయ్యండి. ఇంట్లో సొంత మెయిల్ సర్వర్ పెట్టుకోండి!

నేను పెట్టాను. బట్టల బీరువా పక్కన, పాత కంప్యూటర్‌లో. ఆర్నెల్లుగా నాకు జవాబు రాసిన పాపాన పోయినవాడు లేడు. కోపంలో మేనేజర్‌కి రాజీనామా పంపాను, ఉద్యోగం పదిలంగా ఉంది. లిఫ్ట్ గురించి ఫ్లాట్ల సెక్రటరీని కడిగేస్తూ రాశాను, ఆయన ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతున్నాడు. ఇంత సామరస్యం ఇంకెవరిస్తారండీ?

దీనికంతటికీ మూలం ఇంటర్నెట్ చిరునామాల పుస్తకంలో మన పద్దుల్లాంటివి, డీఎన్ఎస్ రికార్డులు. మన పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ యంత్రానికుందో వాటిలో ఎస్‌పీఎఫ్ అనే రికార్డు చెబుతుంది. కవరు మీద సంతకం లాంటిది డీకిమ్. అది తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఈ రెండూ కుదరకపోతే ఏం చెయ్యాలో చెప్పేది డీమార్క్. అక్కడ మాత్రం మెతకగా ఉంటానా? నా పేరుతో వచ్చినదానికి రుజువు లేకపోతే స్పామ్‌లో పడెయ్యండని లోకానికంతటికీ హుకుం జారీ చేశాను!

అంతా హాయే. ఒక్క మెయిల్ దగ్గరే పేచీ వచ్చింది. అక్క కొత్తింటి మెట్లు వంకరగా ఉన్నాయని నలుగురిలో వాగాను. అక్క మాట్లాడ్డం మానేసింది. ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లక, క్షమించమని రెండు పేజీల మెయిల్ రాశాను. నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఇంత పంతమా అని నేనూ బిగుసుకున్నాను. కానీ రోజుకి పదిసార్లు ఇన్‌బాక్స్ తెరిచాను. ఏడుపు కూడా వచ్చింది.

చివరికి ఆఫీసులో సర్వర్లు చూసే ఆయనకి నా రికార్డులు చూపించాను. ఇంటర్నెట్ కనెక్షన్ మార్చినప్పుడు నా సర్వర్ నంబరు మారింది. అన్నిచోట్లా దిద్దిన మహానుభావుణ్ణి, ఎస్‌పీఎఫ్‌లో పాత నంబరే ఉంచేశాను.

"నీ మెయిళ్ళని స్పామ్‌లో పడెయ్యమన్నది నువ్వేనయ్యా," అన్నాడాయన.

దిద్దాం. అది లోకమంతా పాకడానికి ఒక రోజు పట్టొచ్చట. ఆగలేకపోయాను. నా నంబరు చూస్తే ఎత్తదేమోనని ఆఫీసు ఫోన్ నుంచి అక్కకి చేశాను. హలో అనబోయి దగ్గాను.

"ఏరా, జలుబు చేసిందా?" అంది అక్క.

చూశారా ఆవిడ అజాగ్రత్త! నంబరు తెలియదు, సంతకం అడగలేదు, ఒక్క దగ్గు విని నన్ను లోపలికి రానిచ్చేసింది. సెక్యూరిటీ అంటే బొత్తిగా లెక్కలేదు. ఆదివారం వెళ్ళి గట్టిగా చెప్పి వస్తాను, ఆ మెట్లెక్కి.