"నీ" కాదు, "మీ"

ఆ ఉదయం హర్షిత వేసుకున్న పథకం చిన్నదే: తలంటుకోవాలి, మంచి కుర్తీ వేసుకోవాలి, నాగపూర్ నుంచి వచ్చే, ప్రదర్శనలు నిర్వహించే ప్రతిభ మేడంకు తన బొమ్మలు చూపించాలి. నచ్చితే అవి నాగపూర్ ప్రదర్శనకు వెళ్తాయి. నచ్చకపోతే హర్షిత మళ్లీ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. ఈ రెండో సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

మనసు బాగాలేక చదువు మధ్యలో ఆపిన పిల్ల, వానాకాలం నుంచీ గడప దాటలేదు. అద్దంలో తన ముఖమే పరాయిదిలా ఉందంటే, ఆ భయానికో రూపమిచ్చి చూడమంది డాక్టరమ్మ. గుడ్డబొమ్మలు కుట్టి ఇచ్చింది. కుందేలు చెవులు, గులాబి బుగ్గలు, కుచ్చుల గౌను. గౌను ఎత్తితే పొట్ట నిండా పళ్లు. ఇంకో పాపాయికి ముద్దొచ్చే మొహం. వెనక్కి తిప్పితే జుట్టులో తెరుచుకుని ఉన్న కళ్లు. ఎత్తుకోబోయిన చేయి ఆగిపోయేది. ఆగిన చేయి మళ్లీ ముందుకు సాగేది.

తోడుండటానికి మంచిర్యాల నుంచి మరాఠీ సీమలోని ఈ బాబుపేట్‌కు వచ్చిన అమ్మమ్మ నర్సక్కకు మరాఠీ రాదు. మరాఠీ బడిలో చదివిన మనవరాలికి తెలుగు రాయడం రాదు. ఊరికే కూర్చోలేక అమ్మమ్మ ఆ పిల్లకు అక్షరాలు దిద్దించింది. ఆ గురుభక్తితోనే హర్షిత తన ప్రదర్శన పేరును తెలుగు అక్షరాల్లో రాసి బొమ్మలన్నిటి మెడలో కట్టింది: "మీ". మరాఠీలో "మీ" అంటే "నేను".

హర్షిత తలంటుకుంటుంటే నర్సక్క స్నానాలగది తలుపు తట్టింది. "గీ బొమ్మలన్ని ఎవరియే బిడ్డా?"

"చీటీ సదువు అమ్మమ్మా!"

చదివింది. తనకైతే "నీ" అని రాసేది. మనవరాలు తనను ఏనాడు మీరు అంది గనుక? "మీ" అంటే వాడకట్టు అందరికీ అన్నమాట. బొమ్మలు కాస్త బెదిరించేవే, కానీ కాకి పిల్ల కాకికి ముద్దు. పిల్ల కోలుకుని నలుగురికీ పంచుతోందని మురిసిపోయి, గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

కిరాణా కొట్టు రామనాథం తనకిచ్చిన పళ్ల బొమ్మను దిష్టిబొమ్మ అనుకుని గుమ్మానికి వేలాడదీశాడు. గాలికి గౌను లేచింది. పప్పు కొనడానికి వచ్చినావిడ కెవ్వుమంది. ఎదురింటి జయ తనకొచ్చిన పాపాయి బొమ్మను వెనక్కి తిప్పి ఇంకో కేక పెట్టింది. రెండు కేకలూ కలిసి సందు చివరికి చేరేసరికి, ఎవరో ముసలమ్మ బాబుపేట్‌లో ఇంటింటికీ దయ్యాలను పంచుతోందన్న వార్త తయారైంది.

స్నానం చేసి వచ్చిన హర్షితకు బొమ్మల బల్ల ఖాళీగా కనిపించింది. విరబోసుకున్న తడి జుట్టుతో అలాగే వీధిలోకి పరుగెత్తింది.

"అగో, వాటి తల్లి అచ్చింది!" అన్నారెవరో. గుంపు రెండుగా చీలింది. సరిగ్గా అప్పుడే ప్రతిభ మేడం ఆటో దిగింది.

"అంకుల్, గా బొమ్మ నాది. ఇయ్యుండ్రి." కొట్టు ముందు హర్షిత చేయి చాచింది.

"ఇయ్య," అన్నాడు రామనాథం.

"గది కాదంకుల్, మరాఠీల 'మీ' అంటే..."

"నాకు మరాఠీ ఎరుకే తల్లీ. గప్పట్నుంచి దీన్నే చూస్తున్న. మొహం నవ్వుతది, కడుపుల పండ్లు కొరుకుతుంటయ్. గల్లా మీద కూసుంటే నేను గిట్లనే ఉంట. ఇంట్ల గూడ ఎవ్వరికి చెప్పలే. నీకెట్ల ఎరుక?"

జయ తన పాపాయి బొమ్మను గుండెకు హత్తుకుంది. "మా ఆయన గని డ్యూటీకి పోయిన రాత్రి నాకూ నెత్తినిండ కండ్లే. ముందుగాల జడుసుకున్న గని, ఇగ నేనూ ఇయ్య."

లోకంలో తనొక్కతెకే ఉన్నాయనుకున్న ఆ పళ్లు, ఉప్పూ పప్పూ అమ్మే ఈ పెద్దమనిషి కడుపులోనూ ఉన్నాయి! హర్షితకు ఆశ్చర్యంతో ఏడుపొచ్చింది; ఏడుస్తూనే నవ్వింది. తాను గడప దాటి వచ్చానన్న సంగతి అప్పుడు గమనించింది.

ప్రతిభ మేడం ఒక్కో బొమ్మనూ తిప్పి తిప్పి చూసింది. చివరికి, బొమ్మలన్నీ ప్రదర్శనకు కావాలని మరాఠీలో అంది. తీసుకెళ్లండి గానీ వాటితోపాటు మేమూ వస్తామని జయ అదే మరాఠీలో జవాబిచ్చింది.

ప్రదర్శనశాలలో "బొమ్మలను ముట్టుకోరాదు" అని పెద్ద బోర్డు ఉంది. బాబుపేట్ వాళ్లు దాన్ని శ్రద్ధగా చదివి, సబబేనని తలూపి, తమ బొమ్మలను ఇంకెవరూ ముట్టుకోకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.