ప్లేగుకు ముందు, వరద తర్వాత

"శరణార్థులను చేర్చుకోవాలా, వద్దా అనే దేశసమస్యను ఈ మధ్యాహ్నమే మన సమితి తేల్చేస్తుంది" అని సమితి అధ్యక్షులు నర్సింగం గారు మైకులో ప్రకటించే వేళకు, ఆ శరణార్థులు సమితి భవనం మెట్ల మీదే తడుస్తూ కూర్చున్నారు. కనుక ప్రకటన వారికి బాగానే వినిపించింది. అర్థం కాకుండా పోతుందేమోనని నర్సింగం గారు అదే మాట హిందీలో కూడా చెప్పారు. మొదటి నుంచీ ఆయనకు పారదర్శకత అంటే ప్రాణం.

అది రెండువేల ఆరు ఆగస్టు. తాపీ నది పొంగి సూరత్‌లోకి వచ్చేసింది. ఒడ్డున గుడిసెలు వేసుకున్న మరాఠీ, ఒడియా కూలీలు పిల్లాజెల్లాతో తెలుగువాళ్లుండే లింబాయత్ దాకా నడిచి, సందులో కాస్త ఎత్తుగా కనిపించిన భవనం దగ్గర ఆగారు. అది 'సూరత్ స్థానిక తెలుగు సేవా సమితి' వారిది. 'స్థానిక' అన్న మాటను కిందటి నెలే బోర్డులో ఇరికించారు. చోటు చాలక అది మిగతా అక్షరాల కంటే బక్కగా వచ్చింది.

ఇరికించడానికి కారణం ఉంది. పార్టీ వార్డు అధ్యక్ష పదవి ఖాళీ అయింది. "నాకు పక్కా లోకల్ ఆద్మీ కావాలి, బయటివాళ్లను ఆపే మొనగాడు కావాలి" అన్నాడు పార్టీ పెద్ద దినేశ్‌భాయి. ఈ సాయంత్రం ఆయన స్వయంగా వచ్చి, నర్సింగం గారికి శాలువా కప్పి, పేపరు ఫోటోగ్రాఫరు ముందు ఆ పదవి ప్రకటిస్తాడు. ఎనిమిదేళ్లుగా నర్సింగం గారు ఆయనకు దండలు వేస్తూనే ఉన్నారు. దినేశ్‌భాయి ఆయన్ను ఒకసారి నర్సింభాయి అంటాడు, ఇంకోసారి నారాయణ్‌భాయి అంటాడు. పేరు తప్పినా మనిషిని మాత్రం తప్పడు, తెల్ల సఫారీ చూసి ఇట్టే పోల్చుకుంటాడు. అందుకే నర్సింగం గారు ఎండైనా వానైనా తెల్ల సఫారీ విడిచిపెట్టరు.

చర్చ మొదలైంది. మరమగ్గాల సాంచెల మీద పనిచేసే వెంకటయ్య లేచాడు.

"అన్నా, పోరగాండ్లు తడుస్తున్నరు. ముందుగాల లోపలికి రానిచ్చి, తర్వాత మాట్లాడుకుందాం."

"లోపలికి రానిచ్చినంక ఇంక చర్చేంది వెంకటయ్యా? జర ప్రొసీజర్ తెలుసుకో."

తర్వాత నర్సింగం గారు దేశచరిత్రను ముగించారు. "మన దేశం గొప్పది. పార్సీలు పడవలేసుకొని ఈ గుజరాత్ ఒడ్డుకే వచ్చిన్రు. రాజు రానిచ్చిండు. ఎందుకు? అప్పుడు జాగ ఉండె!"

చప్పట్లు పడ్డాయి. కోశాధికారి సోమలింగం మాత్రం చేతులు కట్టుకునే ఉన్నాడు. ఆ వార్డు పదవి మీద ఆయనకూ కన్నుంది.

"మరి మనం గూడ వచ్చినోళ్లమే గద అధ్యక్షా?"

"మనం రైలు టికెట్ కొనుక్కొని వచ్చినం. శరణార్థి టికెట్ కొనడు. గదే తేడా."

"అందరం కొన్నమా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరికి దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేలోపే తీర్మానం నెగ్గింది: ఈ భవనం స్థానికులకు మాత్రమే, స్థానికేతరులు ఒక్క నిమిషం కూడా లోపల ఉండరాదు. నర్సింగం గారు దాన్ని మైకులో రెండు భాషల్లో చదివారు. మెట్ల మీదివారు లేచి నిలబడి, తల ఊపి, మళ్లీ కూర్చున్నారు. వాళ్లు ఎలాగూ బయటే ఉన్నారు.

"మరి లోకల్ అంటే ఎవలన్నా?" అని అడిగాడు వెంకటయ్య. ఆయనకు ఇలాంటి సందేహాలు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి.

లింబాయత్ తెలుగువాళ్లు ఏళ్లను అంకెలతో లెక్కపెట్టరు. వరదలతో, ప్లేగుతో లెక్కపెడతారు: తొంభై నాలుగులో ప్లేగు, తొంభై ఎనిమిదిలో పాత వరద. "పాత వరదకు ముందు వచ్చినోళ్లు లోకల్" అన్నారు నర్సింగం గారు. వెంకటయ్య ఆ వరద తర్వాత వచ్చాడు. చెప్పులు వెతుక్కున్నాడు. ఆయన వెనకే పావు హాలు లేచింది.

"అది సరిపోదు, ప్లేగుకు ముందు అనున్రి" అన్నాడు సోమలింగం. సగం హాలు ఖాళీ అయింది.

నర్సింగం గారు మెచ్చుకోలుగా నవ్వారు. ఆయన ప్లేగుకు చాలా ముందే వచ్చారు. సోమలింగం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"ఇంకొకటి. ప్లేగుల సూరత్ ఇడిసి పారిపోయినోడు లోకల్ ఎట్లయితడు? పోయి మల్ల వచ్చినోడు కొత్తగ వచ్చినట్టే. అందరికన్న ముందు రైలెక్కింది ఎవలో చెప్పాల్నా?"

"చెప్పు, చెప్పు! నా ట్రంకుపెట్టె మీద కూసొని కాజీపేట దాంక వచ్చింది ఎవలో గూడ చెప్పు!" అన్నారు నర్సింగం గారు.

హాలు గొల్లున నవ్వింది. తర్వాత నవ్వు దానంతటదే సన్నగిల్లింది. ఆ ప్రయాణం అందరికీ గుర్తుంది. సొంత ఊరి పొలిమేరలోనే "సూరతోళ్లు వచ్చిన్రు" అని కట్టెలు అడ్డం పెట్టారు. "పంచాయతీ కూసొని మాట్లాడుకుంటం, అప్పటిదాంక బీడీ ఆకు గోదాముల ఉండున్రి" అన్నాడు సర్పంచు. ఆ సర్పంచు నర్సింగం గారికి సొంత మేనమామ.

"మరి అప్పుడు పోనిదెవలు?" అన్నారు ఎవరో.

అందరూ మూల వైపు చూశారు. దారపు కండెలు చుట్టే లింగవ్వ అక్కడ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె ఒళ్లో తాళంచేతుల గుత్తి ఉంది. ప్లేగు నాడు గల్లీ అంతా ఆమె చేతిలో తాళాలు పెట్టి రైలెక్కింది. ఊళ్లో ఎవరూ లేని ఆమె ఇక్కడే ఉండిపోయింది. అప్పటి నుంచి ఎవరు ఊరికి వెళ్లినా తాళంచెవి ఆమెకే ఇస్తారు. సమితి భవనం తాళంచెవి కూడా ఆ గుత్తిలోనే ఉంది.

"గట్లయితే నేనొక్కదాన్నేనా లోకలు?" అంది లింగవ్వ ఆశ్చర్యంగా.

నర్సింగం గారు చుట్టూ చూశారు. తీర్మానం మైకులో రెండుసార్లు చదివేశారు. బయట జనం కిటికీలకు అతుక్కుపోయారు. "రెండు నిమిషాలు" అంటూ ఆయన హుందాగా మెట్లు దిగారు. సోమలింగానికీ, మిగతావారికీ కూడా దిగక తప్పలేదు.

లింగవ్వ ముందుగా పిల్లలనూ, తల్లులనూ లోపలికి పిలిచింది. తర్వాత ముసలివాళ్లను పిలిచింది. నర్సింగం గారు కాలు పైమెట్టు మీద పెట్టారు.

"ఆగు బిడ్డా. నీ సంగతి చర్చ వెట్టాలె" అంది ఆమె. "ఒక్కదాన్నే గద, జర టైం పడతది. పొయ్యి మీద ఖిచిడీ గూడ ఉన్నది."

వాన పెరిగింది. సందులో పోయిన ట్రక్కు ఒకటి బురదంతా సఫారీ మీద చిమ్మింది. పక్కనున్న ఒడియా కూలీ తన ప్లాస్టిక్ పట్టాలో సగం ఆయన మీదికి జరిపాడు. నర్సింగం గారు నెత్తిన గోనెసంచి కూడా కప్పుకున్నారు. ఎదురుచూపు తప్ప ఆయనకు వేరే కార్యక్రమం లేదు.

సాయంత్రం దినేశ్‌భాయి జీపు వచ్చింది. ఊరంతా నీళ్లు చూసి పార్టీ మధ్యాహ్నమే తన వైఖరి మార్చుకుంది. జీపు నిండా దుప్పట్లు ఉన్నాయి. ఫోటోగ్రాఫరు ముందు నడుస్తుంటే, దినేశ్‌భాయి వరసలో ఒక్కొక్కరికీ దుప్పటి కప్పుతూ వచ్చాడు. నర్సింగం గారి దగ్గర ఆగి, గోనెసంచి తీసి, భుజాల చుట్టూ దుప్పటి కప్పాడు.

"కహాఁ సే ఆయే హో, భాయి?" అని, ఎక్కడి నుంచి వచ్చావో అడిగాడు ఎంతో దయగా.

నర్సింగం గారు నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫరు "ఇధర్ దేఖియే" అన్నాడు.

నర్సింగం గారు దుప్పటి అంచును శాలువాలా ముందుకు సర్దుకుని, రెండు చేతులూ జోడించి, కెమెరా వైపు చూసి నవ్వారు.