తోకచుక్కను చంపబోయి

తొమ్మిది రోజులుగా ఒకటే వాన. బట్టలు ఆరడం లేదు. ఆరని బట్టలకు మా ఇంట్లో ఒకటే చోటు, నా రాతబల్ల పైన కట్టిన తాడు. నేను విశ్వరహస్యం రాస్తుంటే నెత్తిమీద నా బనీనే బొట్టు బొట్టుగా ఏడుస్తుంటుంది.

ఇలాంటప్పుడు మనిషికి ఎవర్నో ఒకర్ని చంపాలనిపించడం సహజం. నేను తోకచుక్కను చంపాలనుకున్నాను.

కంగారుపడకండి. తోకచుక్క నా నవలల్లో హీరోయిన్. వయసు పదహారు. పదకొండు నవలల నుంచీ పదహారే. ఎగిరే పడవలో గ్రహాలు తిరుగుతుంది, యంత్రాలతో మాట్లాడుతుంది, అవి వినకపోతే మంత్రాలు వేస్తుంది. మొదటి నవల నాటికి నాకు నిండా జుట్టుండేది. ఆ పిల్ల జడ మాత్రం ఇప్పటికీ మోకాళ్లదాకానే ఉంది. పాఠకుల ఉత్తరాలన్నీ ఆ పిల్లకే. నాకు మిగిలింది మెడనొప్పి.

చిక్కేమిటంటే, నా దస్తూరి ఈ లోకంలో మా ఆవిడొక్కతే చదవగలదు. నేను రాస్తాను, తను తిరగరాసి ప్రెస్సుకు పంపుతుంది. పంపేముందు పోట్లాడుతుంది.

"పిల్ల పొద్దుట్నించీ ఏమీ తినలేదండీ. ఖాళీ కడుపుతో శనిగ్రహానికి తోలేస్తారా?"

"అక్కడ యుద్ధం జరుగుతోందే!"

"జరగనివ్వండి. రెండు ముద్దలు తినేసి వెళ్తుంది."

అందుకే నా నవలల్లో ప్రతి యుద్ధానికీ ముందు భోజనం ఉంటుంది. మంచుగ్రహంలో స్వెట్టర్ కూడా ఉంటుంది. అది నా ప్రత్యేక శైలి అన్నారు విమర్శకులు. నేను కాదనలేదు.

మాకు పిల్లలు లేరు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తడానికి ఉన్నదే ఇద్దరం.

పన్నెండో నవల చివర తోకచుక్కను కృష్ణబిలంలోకి తోసేశాను. ఆ పిల్లకు చదువు చెప్పిన ముసలి శాస్త్రవేత్త గొట్టాల మామయ్య, కళ్లజోడుకు దారం కట్టుకుని తిరిగేవాడు, అంచున నిలబడి నాలుగు పేజీలు ఏడ్చాడు. చాలా బాగా ఏడ్చాడు.

కాగితాలు ఆవిడ కంటబడకుండా చొక్కాలో దోపుకుని, వానలో నేనే వెళ్లి ప్రెస్సులో టైపు చేసే ఆయన చేతిలో పెట్టాను.

"అమ్మగారు రాసిన కాపీ లేదా సార్?"

"ఆవిడకి వేలు తెగింది."

"అయ్యో!" అని పేజీ చూశాడు. తిరగేసి చూశాడు. "ఇది ఏ భాష సార్?"

"ఓపిగ్గా చూస్తే తెలుగే."

ఆ తర్వాత వారం రోజులు మా ఆవిడ వంటింట్లో కూరలు తరుగుతూ ఫోన్లోకి చూడటం, దానితోనే గంటలకొద్దీ మాట్లాడటం.

"ఎవరే?"

"మా చెల్లెలు. పాపం, ఒక ముసలాయనతో దానికి పెద్ద చిక్కొచ్చిపడింది. తీరిపోతుందిలెండి."

తీరిపోవాలని నేను కూడా మనసారా కోరుకున్నాను.

పుస్తకం వచ్చింది. ఆత్రంగా ఆఖరి పేజీ తీశాను. తోకచుక్క అంచున నిక్షేపంగా నిలబడి ఉంది. భోంచేసి, స్వెట్టర్ వేసుకుని మరీ. బిలంలో పడ్డది గొట్టాల మామయ్య! దారం తెగి కళ్లజోడు జారిపోతే, తడుముకుంటూ తనే నడిచి వెళ్లిపోయాడట. ఆ పిల్ల ఏడ్చింది అర పేజీ.

"ఏమిటే ఇది?"

"ప్రెస్సాయన పేజీలు ఫొటోలు తీసి పంపాడు, చదివిపెట్టమని. చదివిపెట్టాను."

"నేను రాసింది ఇది కాదు!"

"మీ దస్తూరి అలాంటిది మరి. అన్నట్టు, నాకు వేలు తెగిందటగా?"

నేను నేల చూశాను. ఆవిడ గొంతు తగ్గించింది.

"పన్నెండు పుస్తకాలు పెంచానండీ. నాకో మాటైనా చెప్పకుండా తీసుకెళ్లి ఎలా తోసేశారు?"

వాన ఇంకా తగ్గలేదు. బనీను బొట్టు ఒకటి నెత్తిన పడింది.

ఇప్పుడు వస్తున్న ఉత్తరాలన్నీ, ముసలాయన గోల వదిలినందుకు అభినందనలు. ఆవిడ వాటిని పైకి చదివి వినిపిస్తుంది.

గొట్టాల మామయ్య నేనేనని ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు. కానీ కళ్లజోడు దారం రంగు నేను రాయలేదండీ. అచ్చులో మాత్రం నీలం అని ఉంది. నాది నీలమే. కట్టింది ఆవిడే.

పదమూడో నవల మొదలుపెట్టాలి. కృష్ణబిలంలో పడ్డ మనిషిని బయటికి లాగే ఉపాయం, కనీసం లాగమని ఆవిడను అడిగే ఉపాయం మీకెవరికైనా తెలిస్తే దయచేసి రాయండి. ఉత్తరాలు ముందు ఆవిడే విప్పుతుంది. కాబట్టి తోకచుక్క భోంచేసిందా అని మొదలుపెట్టండి.