నెలవంక ఇచ్చిన వాయిదా

తార్నాకలో ఇళ్ళకంటే సీతాఫలం పొదలే ఎక్కువున్న రోజులవి. పొద్దున్నే యూనివర్సిటీ రోడ్డు మీద నడిస్తే ప్రాణం లేచొచ్చేది. ఆ గాలి ఇప్పుడు కొందామన్నా దొరకదు. ఆ ఉదయం లక్ష్మీనర్సయ్య పక్కింటి ఉమాపతిగారితో ఓ చుట్టు తిరిగొచ్చి చాయ్ తాగుదామనే బయలుదేరాడు.

ఎవరో పోగొట్టిన ఫైలుకు నర్సయ్య సర్కారు కొలువు ఊడింది. ఆ ఉత్తర్వు చెల్లదని దావా రాసింది ఉమాపతిగారే. లా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. "ఆరేళ్ళ గడువుందయ్యా!" అంటూ దాని ఇంగ్లీషుకు ఇంకా నగిషీలు చెక్కుతూనే ఉన్నారు.

ఆర్ట్స్ కాలేజీ దగ్గర ఆయన పాత శిష్యురాలు, వకీలు అరుంధతి ఎదురైంది. అప్పుడే ఊరి నుంచి రైలు దిగి రిక్షాలో వస్తోంది. సంగతి విని బిత్తరపోయింది.

"ఆరేళ్ళు పాత చట్టం సార్! కొత్తదాంట్లో మూడే. సర్కారుకిచ్చిన నోటీసు రోజులు కలుపుకున్నా ఇవాళే ఆఖరు!"

నర్సయ్య ఉమాపతిగారి వైపు తిరిగాడు. "ఏంది సారూ గిది? నా కొలువు మునిగినట్టేనా?"

"కంగారుపడకు. ఇవాళ కోర్టుంటుంది, రంజాన్ సెలవు రేపు," అన్నారు ఉమాపతిగారు. " క్యాలెండర్లో ఎర్రంకె కళ్ళారా చూశాను."

అరుంధతి దగ్గర సెలవు తీసుకుని ఇద్దరూ ఇంటికి పరుగెత్తి కాగితాలు అందుకున్నారు. ఎక్కిన రిక్షా యూనివర్సిటీ దాటకముందే పంక్చరైంది. ఆ తర్వాత ఎక్కిన బస్సు నిండా కొత్త బట్టలు, అత్తరు వాసన.

"ఏంది సారూ, పండుగ ఇయ్యాల్నే లెక్కున్నది?"

"రేపటి పండక్కి ఇవాళే తయారయ్యారులే!"

పాతబస్తీలో కోర్టు గేటుకు తాళం వేలాడుతోంది. "నిన్న శామ్‌ల మొగులు మీద చాంద్, గదే నెలవంక, కనవడ్డది. ఈద్ ఇయ్యాల్నే," అన్నాడు జవాను.

నర్సయ్య గేటు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంట్లో భార్య సమ్మక్కకు మొహమెలా చూపించాలో తెలియలేదు. జవాను జాలిపడి షీర్ ఖుర్మా గిన్నె చేతిలో పెట్టాడు.

ఉన్నట్టుండి ఉమాపతిగారు ఎగిరి గంతేశారు. "ఆఖరి రోజు కోర్టు మూసుంటే, తెరిచిన రోజు వేసినా చెల్లుతుందయ్యా!"

"గది పాత సట్టమా, కొత్తదా?"

"రెండింట్లోనూ ఉంది!"

నర్సయ్య కళ్ళు తుడుచుకుని గిన్నె ఖాళీ చేశాడు. అంత తియ్యటి పాయసం జన్మలో తాగలేదని ముసలితనంలోనూ చెప్పేవాడు. తెరిచిన రోజున దావా వేశారు, గెలిచారు, కొలువు తిరిగొచ్చింది.

తీర్పుకు మాత్రం ఎనిమిదేళ్ళు పట్టింది. దానికి ఏ చట్టంలోనూ గడువు లేదు.