సేవ్ కాని శేషారత్నం

రేగులపాడు మునిసిపాలిటీలో జనన మరణాల కంప్యూటరు పాడైనప్పటి నుంచి, ఊళ్లో చనిపోయినవాళ్లు కొందరు ఆఫీసు వేళల్లో ఇళ్లకు వస్తున్నారు.

పొద్దున పదిన్నరకు కంప్యూటరు తెరవగానే వస్తారు, సాయంత్రం ఐదింటికి మూయగానే పోతారు. ఆదివారాలు, రెండో శనివారాలు, పండగ సెలవులు రారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాన్ని ఆపుతారు కనక ఆ కాసేపు కూడా ఉండరు. కొత్తలో ఊరు కొంచెం కంగారు పడింది. తర్వాత పైనుంచి సర్క్యులర్ వచ్చింది. వీళ్లను పాక్షిక మృతులుగా పరిగణించాలనీ, రేషన్ ఇవ్వకూడదనీ, ఓటు సంగతి పరిశీలనలో ఉందనీ అందులో రాశారు. ఆ పైన ఎవరూ కంగారు పడలేదు.

జబ్బు ఎక్కడ మొదలైందో ఆ సెక్షన్ చూసే నాంచారయ్యకు తెలుసు. ఆ ఆఫీసులో ముందునుంచీ ఒక మర్యాద ఉంది. ఇంటివాళ్లు వచ్చి ఫలానావారు పోయారని చెబితే వివరాలన్నీ ఎక్కిస్తారు గానీ, పెద్దకర్మ దాటేదాకా సేవ్ నొక్కరు. వేరే మతంవాళ్లయితే వాళ్ల పద్ధతి ప్రకారం ఆగుతారు. ఇంట్లో ఇంకా ఏడుస్తుండగానే ఇక్కడ మనం పని ముగించేసి చేతులు దులుపుకోవడం బాగుండదని. ఒక వానాకాలం కరెంటు వచ్చీ పోయీ, అలా ఆగివున్న పేజీలన్నీ బిగుసుకుపోయాయి. సేవ్ మీట బూడిదరంగుకు తిరిగింది. నొక్కితే దిగదు. పేజీ మూద్దామంటే మూతపడదు. అలా నిలిచిపోయిన పేర్లలో నాంచారయ్య భార్య శేషారత్నం పేరు కూడా ఉంది.

ఆ పేజీల బరువుకి కంప్యూటరు నడుం విరిగింది. కొత్త పుట్టుకలు ఎక్కడం మానేశాయి. పుట్టుక ఎక్కని పిల్లలకు పేర్లు నిలవడం లేదు. సాయంత్రం పదిమందిని పిలిచి, పాయసం వండి పెట్టిన పేరు తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ మరిచిపోతున్నారు. గోడమీద బొగ్గుతో రాసుకున్నవాళ్లు ఉన్నారు. అక్షరాలు ఉంటాయి, అది పిల్ల పేరని మాత్రం ఎవరికీ తోచదు.

కంప్యూటరుకు చేయని వైద్యం లేదు. ఆపి మళ్లీ వేశారు. వైరస్ మందు వేశారు. దసరాకు పెట్టిన గంధం బొట్టు ఎండిపోయిందని కడిగి కొత్తది పెట్టారు. ఆఫీసులో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి సిబ్బంది చెమటలు కారుస్తూ కూర్చున్నారు. చివరకు జిల్లా కేంద్రం నుంచి కంప్యూటర్లు బాగుచేసే గఫూర్ వచ్చాడు. మీసాలు నెరిసిన మనిషి, కళ్లజోడు నుదుటికి ఎత్తి తెరవైపు చూసి, "ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం తీసేసి మళ్లీ వేయాలి. పైపూతలతో పోయేది కాదు," అన్నాడు.

"వేస్తే వీళ్లంతా?" అని అడిగారు కమిషనర్ అనసూయాదేవి గారు.

"పూర్తవుతారు మేడం."

దాంతో పాక్షిక మృతుల బంధువుల దగ్గర అభ్యంతరం లేదని సంతకాలు తీసుకోమన్నారు. అనుకున్నంత కష్టం కాలేదు. ఒక అల్లుడు తన పెన్ను తనే తెచ్చుకున్నాడు. వాళ్ల అత్తగారు పదిన్నర నుంచి ఐదు దాకా టీవీ ఆపనివ్వరట. మిగతావాళ్లు కొంచెం కళ్లు తుడుచుకుని పెట్టారు. వచ్చినవాళ్లు ఆఫీసు వేళల్లోనే వస్తారు, ఆ వేళకు ఇంట్లో ఎవరుంటారు? చూసేదెవరు, మాట్లాడేదెవరు?

"అందరివీ వచ్చాయి నాంచారయ్య గారూ," అన్నారు కమిషనర్ గారు. "మీదొక్కటే."

"ఆలోచించుకుంటున్నానండి."

"ఆలోచించండి. నేను బలవంతపెట్టను." ఆమె ఫైలు మూసి, "కలెక్టర్ గారు పెడతారు," అంది.

నాంచారయ్య ఇబ్బంది వేరు. రోజూ పదిన్నరకు ఆ కంప్యూటరు తెరిచేది అతనే. అతను ఇక్కడ మీట నొక్కుతాడు, అక్కడ శేషారత్నం వీధి తలుపు తీసుకుని ఇంట్లోకి వస్తుంది. ఐదింటికి అతను ఆపుతాడు, ఆమె వెళ్లిపోతుంది. అతను ఇల్లు చేరేసరికి గిన్నెలో వంకాయ కూర మూతపెట్టి ఉంటుంది. ఆరేసిన తువ్వాలు మడతపెట్టి ఉంటుంది. పొద్దున చొక్కాకు ఊడిపోయి అతను కిటికీలో పడేసిన గుండీ, సాయంత్రానికి చొక్కాకే ఉంటుంది. కూర ఇంకా గోరువెచ్చగా ఉన్న రోజున అతనికి మనసు కుదుటపడేది. ఆలస్యంగా పొయ్యిమీంచి దించిందన్నమాట, అంటే మొన్నటి కన్నా తక్కువ తేడాతో ఒకరికొకరం తప్పిపోయాం అనుకునేవాడు.

ఆమెను కళ్లారా చూడాలంటే సెలవు పెట్టాలి. ఆ సంవత్సరానికి అతనికి ఒక్క సెలవే మిగిలింది. సంతకం సంగతి తేల్చుకోవడానికి అది పెట్టాడు. అతని బదులు కంప్యూటరు తెరిచే బాధ్యత ఆస్తిపన్ను గుమాస్తాకు అప్పగించారు. ఆ గుమాస్తా టిఫిను చేసి తెరిచేసరికి పదకొండైంది. అందుకని శేషారత్నం ఆలస్యంగా వచ్చింది.

"ఓహో, దొరగారు ఇంట్లోనే ఉన్నారే!" అంటూ చెప్పులు విడిచింది. "నా కంటి ఆపరేషన్‌కి పెట్టని సెలవు ఇప్పుడెందుకు పెట్టారట?"

"అప్పుడు ఆడిట్ ఉంది కదే."

"ఇప్పుడు లేదా?"

"ఇప్పుడూ ఉంది," అన్నాడు నాంచారయ్య.

ఆమె నవ్వి వంటింట్లోకి పోయింది. అతను వెనకాలే వెళ్లి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. చారుకు చింతపండు పిసుకుతుంటే, ఏళ్ల తరబడి తను తిన్న చారు ఇలా తయారవుతుందా అని కొత్తగా చూశాడు. గఫూర్ చెప్పిందీ, కమిషనర్ గారు అన్నదీ చెప్పాడు. పేర్లు నిలవని పిల్లల సంగతి కూడా చెప్పాడు. చెప్పి, "నువ్వేమంటావ్?" అన్నాడు.

"నన్నడక్కండి. ఏం కూర వండాలన్నా నన్నే అడుగుతారు, ఏ చొక్కా వేసుకోవాలన్నా నన్నే అడుగుతారు. నన్ను ఉంచాలో వద్దో కూడా నేనే చెప్పాలా? అదొక్కటన్నా మీరు..."

అంతలో అక్కడ ఆఫీసులో కంప్యూటరు బిగిసింది. శేషారత్నం గరిటె ఎత్తి పట్టుకుని, నోరు సగం తెరిచి అలాగే ఆగిపోయింది. అది ఇలా బిగియడం నాంచారయ్యకు ఆఫీసులో అలవాటే. చేయి చాచి పొయ్యి తగ్గించాడు. చారు పొంగలేదు, అదే పదివేలు. నుదుటిమీద పడిన వెంట్రుక తీసి చెవి వెనక్కి పెట్టాడు. బతికి ఉన్నప్పుడైతే చేయి విదిలించేది. అక్కడ గుమాస్తా దాన్ని కదిలించడానికి తంటాలు పడుతూ ఉండాలి, ఇక్కడ ఇతను స్టూలు వేసుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. సాయంత్రమైంది. ఆమె ఆ వాక్యం పూర్తిచేయకుండానే వెళ్లిపోయింది. గరిటె గట్టుమీద మిగిలింది.

మర్నాడు ఆఫీసు మెట్లమీద సలోమి కూర్చుని ఉంది. ఆమె రోజూ వస్తుంది. చంకలో నడక నేర్చే వయసు పిల్ల. ఆ పిల్ల పుట్టుక ఎక్కించమని కడుపులో ఉన్నప్పటి కాగితాల దగ్గర్నుంచి పట్టుకుని తిరుగుతోంది.

"ఇయ్యాలన్నా ఎక్కుద్దా సార్?"

"చూద్దామమ్మా. మొన్నామధ్య ఏం పేరు పెట్టారు?"

"ఏమో సార్. మంచిదే పెట్టాం. మా పాస్టరు గారు ప్రార్థన కూడా చేశారు, ఆయనకీ గుర్తులేదంట." ఆమె పిల్లను కిందికి దించింది. పిల్ల గోడ పట్టుకుని వరండా చివరిదాకా పోయింది. "ఏయ్!" అంది సలోమి. పిల్ల ఠక్కున వెనక్కి తిరిగి నవ్వింది.

"చూశారా సార్? 'ఏయ్' అంటే పలుకుతోంది. దానికి అలవాటైపోయింది. నాకూ అలవాటైపోతోంది, అదే నా భయం. పొద్దున్నే లేచి దీనికో పేరు ఆలోచించాలి అనుకునేదాన్ని. రెండ్రోజుల నుంచి అదీ మానేశా."

నాంచారయ్య లోపలికి వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. కంప్యూటరు తెరిచాడు. అంటే ఈపాటికి శేషారత్నం తలుపు తీసుకుని ఉంటుంది. టేబుల్ మీద ఉన్న కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టి, కమిషనర్ గారి గదిలోకి తీసుకెళ్లి ఇచ్చాడు. ఆమె చదివి, "థాంక్సండి. మీ భోజనం అయ్యాక మొదలుపెడదామా?" అంది. అంత మాత్రం మన్నన ఆ ఆఫీసులో ఇంకా ఉంది.

ఆ మధ్యాహ్నానికి సెలవు అడిగాడు. సెలవులు అయిపోయాయి. పైగా ఆ పని జరిగేటప్పుడు సంబంధిత ఉద్యోగి హాజరులో ఉండాలని నిబంధన.

గఫూర్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. తెర నీలంగా మారి ఒక ప్రశ్న అడిగింది. పాత ఫైళ్లు అలాగే ఉంచమంటారా, అన్నీ తీసేయమంటారా?

"ఉంచుకోవచ్చా భాయ్?" అన్నాడు నాంచారయ్య.

"ఉంచుకోవచ్చు సార్. జబ్బు కూడా ఉంటుంది."

"కాసేపాగు."

ఆఫీసు వేళల్లో ఇంటికి ఫోను చేయకూడదని నాంచారయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో పెట్టుకున్న నియమం ఒకటుంది. శేషారత్నం వచ్చిపోతున్న ఇన్నాళ్లలోనూ అది తప్పలేదు. అసలు తప్పొచ్చని తోచలేదు. ఇప్పుడు సెల్లు తీసి ఆమె పాత నంబరు కొట్టాడు. వెంటనే ఎత్తింది.

"ఆఫీసు నుంచి ఫోన్ చేశారే! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఏం చేస్తున్నావని చేశా."

"ఏం చేస్తాను? బియ్యంలో రాళ్లు ఏరుతున్నా. మీరు తెచ్చేది ఆ రకం కదా, వద్దంటే వినరు." తర్వాత గొంతు తగ్గించి, "పెట్టారా సంతకం?" అంది.

"పెట్టాను."

"ఊఁ. నన్నడక్కుండానే పెట్టారన్నమాట," అంది. మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో అతనికి బోధపడలేదు. "ఇంకేం? ఉంటాను."

"ఉండు, ఉండు. ఊరికే మాట్లాడుతూ ఉండు."

ఆమె మాట్లాడింది. గ్యాసు బండ మారుస్తూ రబ్బరు వేయడం మరిచిపోతున్నారంది. శీతాకాలం దుప్పటి ఇనపపెట్టెలో అడుగున ఉందంది. ఎదురింటి పిల్లి అట్లు తినడం మరిగిందంది. నాంచారయ్య ఫోను చెవికి ఆనించుకునే, 'అన్నీ తీసేయమంటారా' అన్నదానికి ఎదురుగా ఉన్న గడిలో నొక్కాడు. తెరమీద తెల్లటి గీత నెమ్మదిగా నిండటం మొదలైంది. సగం దాటింది. "నీళ్ల మోటారు ఆన్ చేసి మరిచిపోకండి, పైన ట్యాంకు నిండితే..." అంది శేషారత్నం. తర్వాత ఫోనులో ఏమీ లేదు. అతను ఇంకాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

"అయిపోయింది సార్," అన్నాడు గఫూర్, తెరవైపే చూస్తూ.

సాయంత్రంలోగా సలోమి కూతురి పుట్టుక ఎక్కింది. పేరు కెజియా. సలోమి వరండా ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ పిలిచి పిలిచి చూసింది. పిల్ల మొదట పలకలేదు. అటు పోయే బంట్రోతు "ఏయ్" అంటే తిరిగింది. ఒక వారానికి గానీ కెజియా అంటే పలకలేదట.

కొత్త సిస్టమ్ గాలిలా నడుస్తోంది. సేవ్ నొక్కే పని కూడా లేదు, దానంతటదే చేసుకుంటుంది. తండ్రి పోయాడని చెప్పడానికి ఒకాయన వచ్చి, పేరు చెప్పి ముక్కు తుడుచుకునేలోపు సర్టిఫికెట్ బయటికి వచ్చేసింది. ఆయన దాన్ని చూసి, "అయిపోయిందా?" అన్నాడు. అయిపోయిందండి అన్నాడు నాంచారయ్య. ఆయన ఇంకేదో ఉంటుందన్నట్టు కొంచెంసేపు నిలబడి వెళ్లిపోయాడు.

కొత్త సంవత్సరం రాగానే కొత్త సెలవులు వచ్చాయి. కొత్త సిస్టమ్‌లో సెలవు అడగ్గానే మంజూరైంది. నాంచారయ్య ఆ రోజు స్నానం చేసి, వీధి తలుపు తీసి ఉంచి కుర్చీలో కూర్చున్నాడు. పదిన్నర అయింది. వీధిలో ఆ వేళకు ఎలా ఉంటుందో అతనికి అంతగా తెలియదు. ఎవరూ లేరు. అన్ని ఇళ్లకూ తాళాలు. చారు పెడదామని చింతపండు నానబెట్టి, ఎంత నానాలో తెలియక కాసేపు చూసి, చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్లాడు.

సెలవులో ఉన్నవాడు తన సీట్లో కూర్చోవచ్చో కూడదో తెలియక గుమ్మంలో ఆగాడు. కమిషనర్ గారు తలెత్తి, "రండి నాంచారయ్య గారూ, పర్లేదు, కూర్చోండి. నేనూ ఇవాళ సెలవే," అంది.

"మీరు కూడానా అండి?"

"నేనే కాదు." ఆమె పెన్నుతో గదంతా చూపించింది. ఆస్తిపన్ను గుమాస్తా కళ్లజోడు తుడుచుకుంటూ, "పొద్దున పెట్టానండి," అన్నాడు. నీటి సరఫరా ఆయన, టపా చూసే ఆవిడ, బంట్రోతు, తలా ఒకసారి తలూపారు. "ఈ టైములో ఇంటిదగ్గర ఎవరుంటారు చెప్పండి?" అంది టపా ఆవిడ, కవర్లమీద స్టాంపులు అంటిస్తూనే.

నాంచారయ్య తన సీట్లో కూర్చుని కంప్యూటరు తెరిచాడు. ఆ రోజు రేగులపాడు మునిసిపాలిటీలో సిబ్బంది మొత్తం సెలవులో ఉన్నారు. పని మామూలుగానే జరిగింది.