చంద్రి చేతికివ్వని నేరేడు చెట్టు

ఒక పెద్ద అడవిలో, జ్యేష్ఠ బహుళ తదియనాడు, చంద్రి అనే కొండముచ్చు పిల్లకి అన్యాయం జరిగింది. చేసింది పులి కాదు, వేటగాడూ కాదు. వాళ్ళయితే పారిపోవచ్చు. చేసింది అడవి పంచాయతీ ఆఫీసు. అక్కణ్ణుంచి పారిపోవాలన్నా అర్జీ పెట్టుకోవాలి.

చంద్రికి పుట్టుకతోనే వెనక కాళ్ళు రెండూ పనిచెయ్యవు. కొండముచ్చై పుట్టి చెట్టెక్కలేకపోతే తిండెలా? అలాంటివాళ్ళకి పంచాయతీ రోజుకి నాలుగు పళ్ళు ఇచ్చేది. దాన్ని ఆసరా మేత అనేవాళ్ళు. దానికి తోడు వాళ్ళమ్మ గవరమ్మ చిగుళ్ళు కోసుకొచ్చి పెట్టేది. అలా రోజులు గడుస్తున్నాయి.

అయితే గవరమ్మకి వయసు మీదపడుతోంది. ఈమధ్య కొమ్మ నుంచి కొమ్మకి దూకేముందు కాసేపు ఆగి ఊపిరి పీల్చుకుంటోంది. ఆవిడకున్న బెంగ ఒక్కటే. ‘నేను పోయాక దీనికెవరు?’

ఆ బెంగ తెలిసిన ఆవిడ పిన్ని, పిల్లాజెల్లా లేని ముసలమ్మ, పోతూ పోతూ తన నేరేడు చెట్టుని చంద్రి పేర రాసిపోయింది. ప్రేమగానే రాసింది. ఒక్కమాట ఎవరినైనా అడిగి రాసుంటే బాగుండేది.

చెట్టు చంద్రి పేరు మీదకి మారిన మర్నాడే గుమాస్తా ఉడుము మేత ఆపేశాడు.

గవరమ్మ ఆఫీసుకి పరిగెత్తింది. ఆఫీసు మద్దిచెట్టు మూడో కొమ్మ మీద ఉంటుంది.

“ఏం బాబూ, నా పిల్ల మేత ఎందుకాపావు?”

ఉడుము తలెత్తలేదు. “రూలు పదకొండు. ఆసరా మేత తినేవాళ్ళకి పది పళ్ళకి మించి ఆస్తి ఉండకూడదు. మీ అమ్మాయి చెట్టు కాపు మీదుంది. లెక్కపెట్టించాను. పద్నాలుగు వేల చిల్లర.”

“అవి నేరేడు పళ్ళయ్యా! మీ ముత్తాత ఆ రూలు పనసపళ్ళని చూసి రాసుంటాడు.”

“రూల్లో పండు అనే ఉందమ్మా. ఏ పండో లేదు.”

“ఒక్క నెల కాస్తుంది. మిగతా పదకొండు నెలలూ?”

“ఆకులుంటాయిగా.”

“చెట్టెక్కలేదనే కదా నాయనా మేత ఇస్తున్నారు! చెట్టు చేతికిస్తే ఎక్కేస్తుందా?”

ఉడుము అప్పుడు తలెత్తాడు. “అవునూ, పోయినేడు తనిఖీకి మీ అమ్మాయి ఈ కొమ్మ మీదకే వచ్చింది కదా. ఎక్కలేదంటావేం?”

“నేను వీపున మోసుకొచ్చాను! రాకపోతే గైరుహాజరని కొట్టేస్తానన్నది నువ్వే!”

“ఎలా వచ్చిందన్న గడి మా ఫారంలో లేదు.”

గవరమ్మ పళ్ళు నూరింది. “పోనీ, దారి చెప్పు.”

“రెండున్నాయి. అమావాస్యలోగా పళ్ళన్నీ తినేసి, చెట్టు కొట్టించేసి, ఖాళీ చేతులతో రండి. మళ్ళీ అర్జీ తీసుకుంటాను. లేదంటే చెట్టు ఎవరికైనా దానం చేసెయ్యండి. కానీ మేత కోసమే దానం చేశారని తేలితే మూడేళ్ళు మేత రాదు.”

“అంటే నా పిల్ల పక్కన రేపటికంటూ ఏదీ ఉండకూడదు.”

“అర్థమైంది కదా. ఇక్కడ వేలిముద్ర వెయ్యి.”

గవరమ్మ వెయ్యలేదు. చంద్రిని వీపున వేసుకుని నేరుగా ముళ్ళపంది అచ్చమ్మ బొరియకి వెళ్ళింది. అచ్చమ్మ పంచాయతీవాళ్ళు పారేసిన పాత తీర్మానాల బెరళ్ళు కొరుక్కుంటూ బతికే మహాతల్లి. కొరికేముందు చదువుతుంది. అందుకని అడవి చట్టం ఆవిడకి అరిగినట్టు ఇంకెవరికీ అరగలేదు.

“మీ పిన్ని మంచి మనసుతో పిల్లని ముంచింది,” అంది అచ్చమ్మ అంతా విని. “చెట్టుని చంద్రి పేర పెట్టకూడదు. చంద్రి కోసమని ఇంకొకరి కాపలాలో పెట్టాలి. ఇప్పుడైనా మించిపోయింది లేదు, రూలు ఇరవై మూడు ఒప్పుకుంటుంది. నా కాపలాలో పెట్టు.”

“పెడితే?”

“చెట్టు నాది కాదు, కాబట్టి నేను అమ్ముకోలేను. చంద్రి అధీనంలోనూ ఉండదు, కాబట్టి ఉడుము లెక్కపెట్టలేడు. పళ్ళు మారకం వేసి, పంచాయతీ ఇవ్వనివి నేను సమకూరుస్తాను. కాళ్ళకి వడ్రంగిపిట్ట వైద్యం, వానల్లో ఎండుటాకుల పరుపు, నువ్వు మొయ్యలేని రోజున మొయ్యడానికి దుప్పి. పండు మాత్రం దాని చేతికి పెట్టను. పెడితే మేత పోతుంది.”

గవరమ్మ మొహమాటపడే రకం కాదు. “నువ్వే తినేస్తే అక్కా?”

“అడగాల్సిందే అడిగావు. నాకు నేరేడు వగరు పడదు. అయినా నన్ను చూసి నమ్మకు, రాయించుకుని నమ్ము. ఏటా నీకు లెక్క చూపిస్తాను. నీ తరవాత మీ చెల్లెలికి చూపిస్తాను.”

వీపు మీంచి చంద్రి అందుకుంది. “నా చెట్టు నేను అడక్కూడదు. నా పళ్ళు నేను ముట్టకూడదు. పంచాయతీ కూడా ఇదే చెప్పింది పెద్దమ్మా. కాకపోతే నువ్వు నవ్వుతూ చెబుతున్నావు.”

అచ్చమ్మ ముళ్ళన్నీ గలగలలాడేలా నవ్వింది. కాయితం రాసి పంపింది.

ఆషాఢ శుద్ధ పంచమినాడు మద్దిచెట్టు కింద సభ. అప్పటికి పద్దెనిమిది రోజులుగా చంద్రి చిగుళ్ళతో సరిపెట్టుకుంటోంది. వీపు మీద పిల్ల ఎంత తేలికైందో గవరమ్మకి అడుగడుగునా తెలుస్తోంది.

అధ్యక్షుడు ఎలుగుబంటి కాయితం చదివించుకుని లేచాడు. “మోసం! చెట్టు ఒకరి దగ్గరా, ఫలం ఇంకొకరికా? ఇలా అందరూ మొదలెడితే పంచాయతీ ఏమైపోవాలి?”

ఉడుము అక్కడికక్కడే కొత్త రూలు రాసేశాడు. “ఎవరి దగ్గరున్నా సరే, ఎవరి కడుపులోకి పోతుందో వాళ్ళ ఆస్తే.” సభ్యులంతా చప్పట్లు కొట్టారు. నెమలి అయితే పురి విప్పి మరీ కొట్టింది.



“అధ్యక్షులవారూ,” అంది చంద్రి. “ఈ రూలు అందరికా, నా ఒక్కదానికా?”

“చట్టం ముందు అందరూ సమానమే!” అన్నాడు ఎలుగుబంటి. ప్రతి ఉపన్యాసంలోనూ అనే మాటే. దాన్ని నిజం చెయ్యమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

“అయితే రాసుకోండి గుమాస్తాగారూ. నేను రోజంతా నేలమీదే కూచుంటాను కదా, ఎవరు ఏ బరువు ఎక్కడికి మోస్తున్నారో నాకే బాగా కనబడుతుంది. పెద్దలు కూడా ఆసరా మేత తింటున్నారు. అధ్యక్షులవారు నిద్రజబ్బు అని, నెమలిగారు గొంతు బాగోలేదని, మీరేమో నాలుక రెండుగా చీలిందని. అధ్యక్షులవారి బావమరిది పేర పన్నెండు తేనెపట్టులున్నాయి. నెమలిగారి అత్తగారి పేర గింజల గాదె ఉంది. మీ మేనల్లుడి పుట్టలో నూట అరవై గుడ్లున్నాయి. ఇవన్నీ ఎవరి కడుపులోకి పోతున్నాయో చెప్పమంటారా?”

అధ్యక్షుడికి ఉన్నపళాన నిద్రజబ్బు ముంచుకొచ్చింది. ఒక కన్ను మాత్రం తెరిచే ఉంది. ఉడుముకి చీలిన నాలుకలో ఏ ముక్కా ఆడలేదు.

“అది మా అత్తగారిదమ్మా! నాకేం సంబంధం?” అని అరిచింది నెమలి.

“ఆ చెట్టు అచ్చమ్మ పెద్దమ్మ కాపలాలోది. నాకేం సంబంధం?” అంది చంద్రి.

కార్చిచ్చు వచ్చినప్పుడు కూడా పంచాయతీ అంత తొందరగా కదల్లేదు. కొత్త రూలు చింపేశారు. ఇంకోటి రాశారు. ఒకరి కాపలాలో ఉన్నది ఇంకొకరి ఆస్తి కాదు, కానేరదు, లెక్కపెట్టరాదు. ఏకగ్రీవం. చంద్రికి మేత బకాయితో సహా ఇవ్వాలన్నారు.

మర్నాడు ఉడుము స్వయంగా బుట్ట మోసుకొచ్చాడు. మొహమంతా నవ్వు, ఆ నవ్వులో తేనె కారుతోంది.

“చంద్రమ్మా, ఇవిగో ఇవాళ్టి నాలుగు. ఇదిగో బకాయి. పద్దెనిమిది రోజులకి డెబ్బై రెండు, ఒక్కటి తగ్గదు. చెయ్యి చాపు తల్లీ.”

ఆకలి మీదున్న పిల్ల రెండు చేతులూ చాపింది. గవరమ్మ ఆ చేతుల మీద ఒక్కటేసింది.

“నాలుగూ తీసుకో. బుట్ట ముట్టుకోకు. డెబ్బై రెండు అందుకుంటే పది దాటిందని రేపు మళ్ళీ కొట్టేస్తాడు. మోసుకెళ్ళి అచ్చమ్మక్క కాపలాలో దింపవయ్యా!”

ఉడుము నవ్వు ఆరిపోయింది. బుట్ట మళ్ళీ నెత్తికెత్తుకున్నాడు. చంద్రి నాలుగు పళ్ళూ అక్కడికక్కడే తినేసి, గింజలు ఆయన కాళ్ళ ముందే ఉమ్మింది.

ఇందులో నీతి ఏమిటంటారా, కన్నబిడ్డకి ఎంతైనా ఇవ్వండి, చేతికి తప్ప.

ఆషాఢ శుద్ధ షష్ఠినాడు పంచాయతీ పుస్తకంలో రాసిన లెక్క: అచ్చమ్మ కాపలాలో డెబ్బై రెండు పళ్ళు, ఒక చెట్టు. చంద్రి చేతిలో, సున్నా.